రబ్బరు స్టాంపు రూపాయి కొనే ముందు

చి. సుధీర్‌కు మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటోలు చూశాను. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదని కూర్చుని రాస్తున్నాను. ఆదివారం సంతలో ఆ పెద్దాయన చూపించిన రెండు పాత జర్మన్ తూర్పు ఆఫ్రికా నోట్లలో ఒక రూపాయిది తీసుకో. ఆయన చెప్పిన ధర ఎక్కువే, ఈ రకం ఒక రూపాయి నోట్లు ఇప్పటికీ బాగానే దొరుకుతాయి, కాబట్టి సిగ్గుపడకుండా బేరమాడు. రబ్బరు స్టాంపుతో కొట్టిన రెండో నోటు మాత్రం సగానికి ఇస్తానన్నా వద్దు.

"జర్మన్ నోటు మీద రూపీ అని ఉందేంటి మామయ్యా?" అన్నావు. ఇప్పటి టాంజానియా ప్రధాన భూభాగం, రువాండా, బురుండి కలిపితే ఆనాటి జర్మన్ తూర్పు ఆఫ్రికా. ఆ తీరంలో జర్మన్లు రాకముందు నుంచే మన వెండి రూపాయి చెల్లేది. వాళ్లు వచ్చాక తమ చక్రవర్తి కైజర్ తల వేసి తమ రూపీ కొట్టుకున్నారు కానీ తూకం మన రూపాయిదే. మొదట రూపీకి 64 పెసాలు, అంటే ఆనాటి మన పైసల లెక్కే. 1904లో దాన్ని 100 హెల్లర్లుగా మార్చి, 15 రూపీలకు 20 మార్కులని ఖాయం చేశారు. ఇక్కడ మనకూ అప్పట్లో 15 రూపాయలకు ఒక పౌను. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 నవంబరులో, అక్కడి టాంగా రేవు మీద దాడికి ఇంగ్లీషువాళ్లు పంపిన మన దండులో మద్రాసు సైన్యానికి చెందిన 63వ పాలంకోట దళం కూడా ఉంది. వాళ్ల జేబులో రూపాయి, ఎదుటివాడి జేబులో రూపీ! అక్కడ తేనెటీగలు కూడా కుట్టి తరిమాయి, ఆ కథ నువ్వు వచ్చినప్పుడు చెప్తాను.

నోట్ల సంగతికొద్దాం. ఆ యుద్ధం మొదలయ్యాక జర్మన్ల వేరే వలసలైన కామెరూన్‌లో, నైరుతి ఆఫ్రికాలో (ఇప్పటి నమీబియా) కూడా 1914 ఆగస్టులోనే అత్యవసరంగా నోట్లు వేశారు. కానీ ఆ వలసలు తొందరగా చేజారాయి. తూర్పు ఆఫ్రికాలో మాత్రం జర్మన్ సైన్యం చివరిదాకా తిరుగుతూనే ఉంది, 1918 నవంబరు 25న గానీ ఆయుధాలు దించలేదు. అన్నాళ్లూ జీతాలివ్వాలి, తిండిగింజలు కొనాలి. అక్కడి బ్యాంకు నోట్లు శాంతికాలంలో లైప్‌జిగ్‌లో అచ్చై ఓడలో వచ్చేవి. ఇంగ్లీషు ఓడలు సముద్రానికి కాపలా కాస్తుంటే ఇంకేం వస్తాయి? వెండి రూపీలను జనం దాచేసుకున్నారు. మన దగ్గర నోట్ల రద్దు రోజుల్లో వంద నోట్లు బీరువాల్లోకి పోయాయి చూడు, అలాగే.

దాంతో 1915 మార్చి నుంచి నోట్లు ఆ వలస రాజధాని దారెస్సలాంలోనే అచ్చు వేయడం మొదలైంది. మొదట 20 రూపీలది, తర్వాత మిగతావి. పత్రికలు, ఫారాలు కొట్టే మామూలు ప్రెస్సు మీద, ఏ కాగితం చేతికందితే ఆ కాగితం మీద. వీటి పేరే ఇంటరిమ్స్ నోట్లు, అంటే అసలువి వచ్చేదాకా తాత్కాలికం అన్నమాట. నీ ఒక రూపాయి నోటు మీద దారెస్సలాం, టబోరా అని రెండు ఊళ్లున్నాయి కదా, సముద్రపు ఒడ్డున ఉండలేక గవర్నరు కచేరీ లోపలున్న టబోరా వైపు జరిగిపోతున్న రోజులవి. దీని విలువకు సరిపడా సొమ్ము కైజర్ ప్రభుత్వం దగ్గర జమ అయి ఉందని కూడా అందులో రాసి ఉంటుంది, ఈసారి జర్మన్‌లో చదివి చూడు. బ్యాంకు దగ్గర వెండి లేదని మర్యాదగా చెప్పడం అది!

నోటు చూసే పద్ధతి ఇక. మనకు మామూలుగా అలవాటైందేమిటంటే, అచ్చు వంకరగా ఉన్నా, రంగు తేడాగా ఉన్నా అనుమానించడం. ఈ నోట్ల దగ్గర ఆ అలవాటు పక్కనపెట్టు. ఒకటి గోధుమ రంగు, ఇంకొకటి బూడిద రంగు, ఒకటి అడ్డదిడ్డంగా కత్తిరించింది, అన్నీ అసలువే కావచ్చు. కొన్నింటి మీద సంతకం కలంతో చేసింది, కొన్నింటి మీద అచ్చుది. సేకరించేవాళ్లు తేదీ, సిరీస్ అక్షరం (ఏ విడత అచ్చో చెప్పేది), సంతకాలు చూసి వీటిని విడదీస్తారు. కాబట్టి కొనే ముందు ఆ మూడూ కాగితం మీద రాసుకుని కేటలాగులో సరిచూసుకో.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఒకటి కొనుక్కో. సీసం అక్షరాలతో కొట్టిన అచ్చయితే అక్షరం కాగితంలోకి కాస్త దిగుతుంది, దాని అంచున సిరా ఒత్తుకుపోయి చిన్న గట్టులా కనిపిస్తుంది. రంగురంగుల చుక్కలు కనిపిస్తే అది కంప్యూటర్ ప్రింటు, అక్కడితో వదిలెయ్.

రెండో నోటు దగ్గర ఈ పరీక్షే పనిచేయదు. 1916 సెప్టెంబరులో దారెస్సలాం ఇంగ్లీషువాళ్లకు, అదే నెల 19న టబోరా బెల్జియం వాళ్లకు పోయాయి. ఆపైన ప్రెస్సు లేదు. పిల్లలు ఆడుకునే రబ్బరు అక్షరాల పెట్టె లాంటి దానితో ఒక్కో నోటూ కొట్టారు, మీద గద్ద ముద్ర వేశారు. 1917 నాటి ఈ నోట్లను బుష్ నోట్లంటారు, అడవిలో పుట్టినవని. వాటి కథ ఎంత బాగుంటుందో నకిలీ చేయడం అంత తేలిక. రబ్బరు స్టాంపు కాగితంలోకి దిగదు, అక్షరాలు అసలులోనే వంకర. ఇక దేన్ని చూసి నిజమో కాదో తేల్చుకుంటావు?

నేనూ ఇలాగే బోల్తా పడ్డాను. ఇరవై ఏళ్ల కిందట ఒక నాణేల ప్రదర్శనలో ఒకాయన దగ్గర బుష్ నోటు కొన్నాను, నెల జీతంలో మూడొంతులు పెట్టి. మీ అత్తయ్యకు ధర సగమే చెప్పాను, ఇప్పుడు నువ్వు చెప్పేయకు. కొన్నాళ్లకు మా వీధి కిరాణా కొట్లో దొంగనోట్లు చూసే నీలి దీపం కింద సరదాగా పెడితే అది పెళ్లి పందిరిలా వెలిగిపోయింది. ఆ మెరిసే తెల్లమందు కాగితంలో కలపడం మొదలైంది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. 1917 నోటు అలా వెలగడానికి వీల్లేదు. అలాంటి చిన్న టార్చి నువ్వూ జేబులో వేసుకో. అయితే వెలగకపోతే అసలుదే అని కాదు, పాత పుస్తకాల ఖాళీ పేజీల మీద కొట్టే ఘనులున్నారు. బుష్ నోటే కావాలంటే ఒక పెద్ద వేలం సంస్థలో, రాతపూర్వకంగా హామీ తీసుకుని కొను, అదీ ముందు పది ఇంటరిమ్స్ నోట్లు చేత్తో పట్టుకున్నాక.

సంతలో ఆ పెద్దాయన ఏనుగు బొమ్మ ఉన్న 15 రూపీల బంగారు నాణెం కూడా చూపిస్తే నమస్కారం పెట్టి వచ్చెయ్. టబోరా రైల్వే వర్క్‌షాపులో 1916లో కొట్టిన ఆ నాణేనికి నకళ్లు లెక్కలేనన్ని.

కొన్నాక ఇస్త్రీ చేయకు, కడగకు, చిరుగుంటే సెల్లోటేపు అంటించకు. మడతలు ఉండనీ. వాసనొచ్చే మెత్తటి ప్లాస్టిక్ కవర్లు నోటుకు అంటుకుపోతాయి, మైలార్ అనే పాలిస్టర్ కవర్లే కొను. పోస్టులో పంపొద్దు. సంక్రాంతికి వచ్చేటప్పుడు గట్టి అట్టల మధ్య పెట్టి చేతిసంచిలో తీసుకురా. కాకినాడ గాలికి ఇక్కడ అన్నీ బూజు పడుతున్నాయి, నా ఆల్బం దగ్గర సిలికా పొట్లాలు వేసి ఉంచాను, నీ నోటుకూ చోటుంది.

ఈలోగా దాని వెనక వైపు ఫోటో ఒకటి పంపు, వెలుతురు పక్కనుంచి పడేలా. సిరీస్ అక్షరం నాకు సరిగ్గా కనబడలేదు.

ఉంటాను,
మామయ్య