టెక్ సందేహాలు: మ్యాజిక్ కార్డుల ఆటలో ఏది ముందు, ఏది వెనక?

ఈసారి ప్రింటర్లు, వైఫై రూటర్లు పక్కన పెడదామండి. అమలాపురం నుంచి భీమవరం దాకా వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒక్క ఆట గురించే: మ్యాజిక్ ది గ్యాదరింగ్. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన ఫాంటసీ కార్డుల ఆట ఇది. ఫోన్లో, కంప్యూటర్లో ఆడుకునే రూపం పేరు మ్యాజిక్ అరీనా. ఇద్దరికీ చెరో 20 ప్రాణాలు, చేతిలో ఏడు కార్డులు, కనీసం 60 కార్డుల కట్ట. ల్యాండ్ కార్డులను ట్యాప్ చేసి, అంటే వాడేసిన గుర్తుగా పక్కకి తిప్పి, మనా అనే శక్తి తెచ్చుకుని, ఆ మనా ఖర్చుపెట్టి క్రీచర్లను, అంటే మన తరఫున పోరాడే జీవులను దించి, మంత్రాలు వేసి ఎదుటివాడి ప్రాణాలు సున్నాకి తేవాలి.

మన వైపు కార్డులంటే పేకాటే. రమ్మీ రూల్స్ చిన్నప్పటి నుంచి చూసి నేర్చుకున్నవే, ఎవరూ పుస్తకం తెరవరు. ఇక్కడ అలా కుదరదు. ఒక్కో కార్డు తన రూల్ తనే మోసుకొస్తుంది, కార్డు మాటకీ ఆట మామూలు రూలుకీ పొత్తు కుదరకపోతే కార్డు మాటే నెగ్గుతుంది. అధికారిక నియమావళిలో 101.1 ఇదే చెబుతుంది. ఆ వెంటనే 101.2 ఇంకోటి చెబుతుంది: ఒక కార్డు ‘చేయొచ్చు’ అని, మరో కార్డు ‘చేయకూడదు’ అని అంటే ‘చేయకూడదు’దే గెలుపు. ఈ రెండూ గుర్తుంటే సగం తగువులు అక్కడే తెగిపోతాయి. మిగతా సగం ఏది ముందు జరిగిందన్న దగ్గర మొదలవుతాయి, ఈసారి మీ ప్రశ్నలు చాలావరకు అక్కడివే.

అమలాపురం, డిగ్రీ విద్యార్థి: నా 2/2 క్రీచర్ (కొట్టే బలం 2, తట్టుకునే బలం 2) మీద ఫ్రెండ్ లైట్నింగ్ స్ట్రైక్ వేశాడు, అది 3 డామేజ్ కొడుతుంది. నేను జెయంట్ గ్రోత్ వేశాను, దాంతో ఆ టర్న్ అయ్యేదాకా +3/+3 వస్తుంది. క్రీచర్ బతికింది. తర్వాతి ఆటలో జెయంట్ గ్రోత్ నేనే ముందు వేశాను, వాడు స్ట్రైక్ వేశాడు, క్రీచర్ చచ్చిపోయింది. అవే రెండు కార్డులు కదా, అరీనాలో బగ్ ఉందా?

బగ్ లేదు. రెండుసార్లూ యాప్ సరిగ్గానే చేసింది. ఈ ఆటకి గుండెకాయ లాంటి రూల్ ఇదే కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

మీరు మంత్రం వేయగానే అది పనిచేయదు. స్టాక్ అనే చోటుకి వెళ్లి కూర్చుంటుంది. అప్పుడు ఎదుటివాడికి ‘దీనికి బదులు ఏమైనా వేస్తావా’ అని అవకాశం వస్తుంది, దాన్నే ప్రయారిటీ అంటారు. అతను ఏదైనా వేస్తే అది మీ మంత్రం పైన కూర్చుంటుంది. ఇద్దరూ ఇంక చాలు అన్నాక పైనున్నది ముందు పనిచేస్తుంది. కళ్లంలో బస్తాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఆఖరున పెట్టిన బస్తానే ముందు దించుతాం కదా, అంతే. ఒక్కోటి పనిచేసిన తర్వాత కూడా ఇద్దరికీ మళ్లీ అవకాశం వస్తుంది, ఈ సంగతి చాలామంది మర్చిపోతారు.

ఇప్పుడు మీ మొదటి ఆట చూడండి. కింద స్ట్రైక్, పైన గ్రోత్. గ్రోత్ ముందు పనిచేసి క్రీచర్ 5/5 అయింది, తర్వాత 3 డామేజ్ తగిలినా తట్టుకుంది. రెండో ఆటలో కింద గ్రోత్, పైన స్ట్రైక్. స్ట్రైక్ ముందు పనిచేసే సమయానికి మీ క్రీచర్ ఇంకా 2/2నే, అందుకే పోయింది. తర్వాత గ్రోత్ వంతు వచ్చేసరికి దానికి క్రీచరే లేదు, ఏ పనీ చేయకుండా గ్రేవ్‌యార్డ్‌కి, అంటే వాడేసిన, చచ్చిన కార్డుల కుప్పలోకి వెళ్లిపోయింది. అందుకే ఇలాంటి కార్డులను తొందరపడి ముందే వేయొద్దు. ఎదుటివాడు తన మంత్రం వేసేదాకా ఆగండి, లేదా అతని ల్యాండులన్నీ ట్యాప్ అయిపోయి ఇంకేమీ వేయలేని స్థితిలో ఉన్నప్పుడు వేయండి.

మీరు అడగకపోయినా ఇంకో విషయం. టర్న్ చివర +3/+3 పోతుంది కదా, అప్పుడు ఆ 3 డామేజ్ ఇంకా ఒంటి మీద ఉంటే 2/2 చావాలి కదా అని రాజోలు నుంచి ఒకరు రాశారు. చాలా మంచి ప్రశ్న. ఆ డామేజ్, ‘ఈ టర్న్ అయ్యేదాకా’ అన్న ప్రభావం రెండూ టర్న్ ఆఖర్న వచ్చే క్లీనప్ స్టెప్‌లో ఒకేసారి తుడిచిపెట్టుకుపోతాయి. ముందొకటి, వెనకొకటి కాదు. అందువల్ల క్రీచర్‌కి ఏమీ కాదు.

పాలకొల్లు: చేతిలో కౌంటర్ కార్డు పెట్టుకుని కూర్చున్నాను, నాలుగు ల్యాండులు ఉన్నాయి, అయినా ప్రత్యర్థి మంత్రాన్ని ఆపే అవకాశమే అరీనా ఇవ్వలేదు. ఎందుకు?

ఈ ఫిర్యాదు చాలామందిది. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో రెండు ఐలండ్లు (నీలం మనా ఇచ్చే ల్యాండులు), రెండు ఫారెస్టులు (పచ్చ మనా ఇచ్చేవి) ఉన్నాయి. మీ టర్న్‌లో రెండు మనా ఖరీదున్న పచ్చ క్రీచర్‌ని దించారు, దానికి ఒకటి పచ్చ మనా కావాలి, రెండోది ఏ రంగైనా ఫర్వాలేదు. యాప్ తనంతట తాను ల్యాండులు ట్యాప్ చేస్తుంది కదా, అది ఒక ఫారెస్ట్, ఒక ఐలండ్ తీసుకుంది. మీ కౌంటర్ కార్డుకి నీలం మనా రెండు కావాలి, మిగిలింది ఒక్క ఐలండే. వేయగలిగిందేమీ లేదు కాబట్టి అరీనా మిమ్మల్ని అడగకుండానే ముందుకెళ్లిపోయింది. చేతిలో ఉన్న కార్డులను బట్టి ల్యాండులు మిగల్చడానికి యాప్ ప్రయత్నిస్తుంది గానీ మీ మనసులో ఉన్న ఎత్తు దానికి ప్రతిసారీ తెలియదు.

మందు సులువే. క్రీచర్ కార్డు లాగకముందే రెండు ఫారెస్టుల మీద మీరే నొక్కి ట్యాప్ చేయండి, ఆ తర్వాత కార్డు దించండి. రెండు రంగులు దాటిన కట్టతో ఆడేవాళ్లు దీన్ని అలవాటు చేసుకోవాల్సిందే. తెచ్చుకున్న మనా దాచుకోవడం మాత్రం కుదరదు, టర్న్‌లో ఒక స్టెప్ లేదా ఫేజ్ (అంటే ఒక దశ) ముగియగానే వాడని మనా ఆవిరైపోతుంది.

ఫుల్ కంట్రోల్ అని ఒక సదుపాయం కూడా ఉంది. కంప్యూటర్లో కంట్రోల్ కీతో ఆన్ అవుతుంది. అది ఆన్‌లో ఉంటే యాప్ ఏ అవకాశాన్నీ తనంతట తాను దాటవేయదు, ప్రతి చోటా ఆగి అడుగుతుంది. ఆటంతా అలా ఉంచితే నొక్కీ నొక్కీ విసుగొస్తుంది, కీలకమైన టర్న్‌కి మాత్రం వాడండి. ఒక్క ఫేజ్ దగ్గరే ఆగాలంటే స్క్రీన్ మీద కనిపించే ఆ ఫేజ్ గుర్తు మీద నొక్కితే చాలు.

భీమవరం: డెత్‌టచ్, ట్రాంపుల్ రెండూ ఉన్న 5/5తో దాడి చేస్తే ప్రత్యర్థి 6/6తో అడ్డుకున్నాడు. అయినా అతనికి 4 డామేజ్ తగిలింది. 6/6ని దాటి డామేజ్ ఎలా వెళ్లింది?

ట్రాంపుల్ ఉన్న క్రీచర్ తనని అడ్డుకున్న క్రీచర్‌కి చావుకి సరిపడా డామేజ్ కేటాయించి, మిగిలింది ఆటగాడికి తగిలించొచ్చు. మామూలుగా 6/6ని చంపాలంటే 6 కావాలి, అసలు మిగలదు. కానీ డెత్‌టచ్ ఉన్నదాని దెబ్బ 1 తగిలినా చావే. కాబట్టి ‘చావుకి సరిపడా’ అంటే ఇక్కడ 1. 5లో 1 అడ్డొచ్చినదానికి, 4 అతనికి. లెక్క కచ్చితంగా సరిపోయింది. అడ్డొచ్చిన క్రీచర్‌కి ఇండిస్ట్రక్టిబుల్ (నాశనం కాని గుణం) ఉన్నా ఇదే లెక్క, అది చావదు గానీ 1 కేటాయిస్తే చాలు. ఆటలో నాకు బాగా నచ్చే జత ఇది, చూడ్డానికి మోసంలా అనిపిస్తుంది గానీ రెండు రూల్స్‌నీ అక్షరం అక్షరం చదివితే వేరే సమాధానం రానే రాదు.

అడ్డుకున్న క్రీచర్ మధ్యలోనే చచ్చిపోతే దెబ్బ ఆటగాడికి తగులుతుందా అని మీ స్నేహితుడు కింద రాసిన ప్రశ్నకి కూడా జవాబు: అడ్డుకున్న క్రీచర్‌ని మధ్యలో ఎవరైనా చంపేసినా, దాడికి వచ్చినది ‘అడ్డుకోబడింది’ అన్న లెక్కలోనే ఉంటుంది. ట్రాంపుల్ లేకపోతే ఆటగాడికి ఒక్క డామేజ్ కూడా తగలదు. ట్రాంపుల్ ఉంటే మొత్తం తగులుతుంది.

ఇంకొక జాగ్రత్త. ఒకే క్రీచర్‌ని రెండు మూడు క్రీచర్లు కలిసి అడ్డుకున్నప్పుడు, దేన్ని ముందు కొడతావో వరస చెప్పాలి అని పాత వీడియోల్లో కనిపిస్తుంది. 2024 నవంబర్‌లో ఫౌండేషన్స్ అనే కార్డుల సెట్‌తో పాటు ఆ వరస రూల్ తీసేశారు. ఇప్పుడు డామేజ్‌ని నచ్చినట్టు పంచొచ్చు. వీడియో చూసి నేర్చుకునేటప్పుడు అది ఏ సంవత్సరానిదో చూసుకోండి.

నరసాపురం: నా క్రీచర్‌కి హెక్స్‌ప్రూఫ్ ఉంది, ప్రత్యర్థి మంత్రాలు తగలకూడదు కదా! రాత్ ఆఫ్ గాడ్ వేస్తే అన్నిటితో పాటు అదీ పోయింది.

హెక్స్‌ప్రూఫ్ కాపాడేది ఒక్కదాని నుంచే: ప్రత్యర్థి దాన్ని టార్గెట్‌గా ఎంచుకోవడం నుంచి. రాత్ ఆఫ్ గాడ్ కార్డు మీద టార్గెట్ అన్న మాటే లేదు, ‘క్రీచర్లన్నిటినీ నాశనం చెయ్యి’ అని ఉంది. దేన్నీ ఎంచుకోలేదు కాబట్టి హెక్స్‌ప్రూఫ్‌కి పని లేదు. ‘టార్గెట్ చేసిన ఆటగాడు ఒక క్రీచర్‌ని త్యాగం చేయాలి’ అనే కార్డులూ అంతే, అక్కడ టార్గెట్ మీరు, మీ క్రీచర్ కాదు. బోర్డు మీద అదొక్కటే ఉంటే దాన్నే ఇవ్వాలి. కార్డు చదివేటప్పుడు టార్గెట్ అన్న మాట ఎక్కడుంది, దేనికి ముందు ఉంది అని వెతకడం అలవాటు చేసుకోండి.

తణుకు: లానోవర్ ఎల్వ్స్ (ట్యాప్ చేస్తే మనా ఇచ్చే క్రీచర్) దించిన టర్న్‌లోనే ట్యాప్ చేసి మనా తీసుకోనివ్వడం లేదు. ల్యాండ్ అయితే ఇస్తోంది.

క్రీచర్ మీ చేతికింద మీ టర్న్ మొదలైనప్పటి నుంచీ లేకపోతే అది దాడి చేయలేదు, తన ఖర్చులో ట్యాప్ గుర్తు ఉన్న సామర్థ్యాన్నీ వాడలేదు. హేస్ట్ అనే గుణం ఉంటే ఈ అడ్డు లేదు. ల్యాండ్ క్రీచర్ కాదు కాబట్టి వెంటనే పనిచేస్తుంది. తమాషా ఏంటంటే, కొత్తగా దిగిన క్రీచర్‌తో వాహనం కార్డుని నడిపించొచ్చు, ఎందుకంటే అక్కడ ట్యాప్ గుర్తు లేదు, క్రీచర్లను ట్యాప్ చేయండి అని మాటల్లో రాసి ఉంది.

తాడేపల్లిగూడెం: మా బాబాయి దగ్గర 1990ల నాటి కార్డులు కొన్ని దొరికాయి. ఎదుటివాడి మంత్రాన్ని ఆపే కౌంటర్‌స్పెల్ కార్డు మీద ‘ఇంటరప్ట్’ అని ఉంది. అలాంటి రకమే యాప్‌లో లేదు. నకిలీవా?

ఆ మాట ఉన్నంత మాత్రాన నకిలీ అనుకోవద్దు. అప్పట్లో ఇంటరప్ట్ అనే రకం నిజంగానే ఉండేది. 1999లో సిక్స్‌త్ ఎడిషన్‌తో రూల్స్ మొత్తం తిరగరాసి స్టాక్‌ని తెచ్చారు, అప్పుడు ఇంటరప్ట్‌లన్నీ ఇన్‌స్టంట్లు (ఎదుటివాడి టర్న్‌లో కూడా వేయగలిగే మంత్రాలు) అయిపోయాయి. వాడని మనా ఉంటే ప్రాణాలు పోతాయని బాబాయి గారు చెప్పారని రాశారు, అదీ ఒకప్పటి నిజమే, 2009లో తీసేశారు. కార్డు మీద అచ్చయినది పాతదైతే ఇప్పుడు చెల్లేది ఆరకిల్ అనే అధికారిక వాచకం. గ్యాదరర్ అనే వెబ్‌సైట్‌లో కార్డు పేరు కొడితే ఆ వాచకం, దాని కింద చాలా కార్డులకి వివరణలు కూడా కనిపిస్తాయి. తగువొస్తే ముందు అక్కడ చూడండి. కార్డులను మాత్రం జాగ్రత్తగా కవర్లలో పెట్టండి, మన గాలిలో తేమకి కాగితం వంకర్లు పోతుంది.

ముమ్మిడివరం: ‘లెజెండరీ’ అని రాసి ఉన్న ఒకే క్రీచర్ నా దగ్గరా, ప్రత్యర్థి దగ్గరా ఉండొచ్చా?

ఉండొచ్చు. మీ ఒక్కరి దగ్గరే ఒకే పేరుతో రెండుంటే ఒకటి ఉంచుకుని రెండోది గ్రేవ్‌యార్డ్‌కి పంపాలి. ఇండిస్ట్రక్టిబుల్ ఉన్నా తప్పదు, ఎందుకంటే ఇది నాశనం చేయడం కిందికి రాదు. 2013కి ముందు రూల్ వేరు, బోర్డు మీద రెండుంటే రెండూ పోయేవి.

రావులపాలెం, ఒక తండ్రి: మా వాడు ఇంటర్. ఇది డబ్బులు పెట్టి ఆడే రమ్మీ లాంటిదేనా? కార్డులు అమ్ముకోవచ్చంటున్నాడు.

మీ టెన్షన్ అర్థమైందండి. అరీనాలో మామూలు ఆటకి పందెం కాయడం ఉండదు, ఉచితంగానే ఆడొచ్చు. కానీ కార్డు ప్యాక్‌లు, జెమ్స్ (ఆటలో చెల్లే నాణేల లాంటివి) కొనడానికి అసలు డబ్బు పోతుంది, ప్యాక్‌లో ఏ కార్డులు వస్తాయో తెరిచేదాకా తెలియదు. అక్కడే జాగ్రత్త కావాలి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి, ఆ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. అమ్ముకోవడం అన్నది కాగితం కార్డుల సంగతి. అరీనా కార్డులను ఇంకొకరికి ఇవ్వడం, మార్చుకోవడం కుదరదు. అకౌంట్ మొత్తం అమ్ముతామని, కొంటామని ఎవరైనా మెసేజ్ పెడితే వెళ్లొద్దు, డబ్బూ పోతుంది, అకౌంటూ పోతుంది. వాడితో ఒకసారి కూర్చుని ఆడి చూడండి. లెక్కలు, ఆలోచన ఉన్న ఆట, మీకూ నచ్చొచ్చు.

కొత్తపేట: వానకి కరెంటు పోయి వైఫై ఆగిపోతే ఆట ఓడిపోయినట్టేనా?

వెంటనే కాదు. మీ వంతు వచ్చినప్పుడు కదలిక లేకపోతే స్క్రీన్ మీద తాడు కాలడం మొదలవుతుంది, అది అయిపోతే మీ వంతు దాటిపోతుంది. ఇంతకుముందు టర్న్‌లు వేగంగా ఆడి ఉంటే దాచుకున్న అదనపు సమయం కొంత కలుస్తుంది. ఈలోపు మొబైల్ డేటాకి మారి యాప్ మూసి మళ్లీ తెరవండి, ఆట ఇంకా నడుస్తుంటే నేరుగా అందులోకే తీసుకెళ్తుంది. మబ్బు పట్టిన రోజుల్లో ఎంట్రీ కట్టి ఆడే ఈవెంట్ల జోలికి వెళ్లకుండా మామూలు ఆటలు ఆడుకోండి.