సముద్రపు గుర్రం పొట్ట ఉబ్బితే జబ్బేనా?

ప్రశ్న: మాకు ఉప్పాడ దగ్గర రొయ్యల హేచరీ ఉంది. వలలో పడ్డ రెండు సముద్రపు గుర్రాలను జాలర్లు బతికుండగానే తెచ్చిస్తే ట్యాంకులో వేశాం. ఒకదానికి పొట్ట కింద బాగా ఉబ్బింది. జబ్బా? మగదే పిల్లల్ని కంటుందంటున్నారు, నిజమేనా? రొయ్య పిల్లలకు మేతగా వేసే చిన్న ఉప్పునీటి జీవి ఆర్టీమియా మా దగ్గర ఎలాగూ ఉంటుంది కదా, పిల్లల్ని పెంచవచ్చా?

జవాబు: మొదట మీ ఆఖరి ప్రశ్న. పెంచకూడదు. 2001 నుంచి సముద్రపు గుర్రాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి. పట్టడం, ఉంచుకోవడం, అమ్మడం అన్నీ నేరమే. శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు. ఇవాళే అటవీశాఖ వారికి చెప్పి, వాళ్లు చూపిన చోట వదిలేయండి. ఇకమీదట వలలో పడితే అక్కడికక్కడే నీటిలో వదలమని జాలర్లకూ చెప్పండి.

ఉబ్బు ఎక్కడుందో చూడండి. మగదానికి పొట్ట ముగిసి తోక మొదలయ్యేచోట ముందువైపు సంచి ఉంటుంది. ఆడదానికి ఉండదు, పొట్ట అంచు అక్కడ కోసినట్టు ఆగిపోతుంది. సంచి గుండ్రంగా నిండి, చేప తోకతో తాడునో గొట్టాన్నో పట్టుకుని మామూలుగా మేత తింటుంటే చూలుతో ఉన్నట్టే. తోక పైకి తేలుతూ, ఎంత ఈదినా కిందికి దిగలేకపోతుంటే మాత్రం సంచిలో గాలి చేరింది. ఎయిర్ స్టోన్లు (గాలి గొట్టం చివర బుడగల కోసం పెట్టే రాళ్లు) సన్నని బుడగలతో జోరుగా నడిచినా, మోటారు గొట్టం గాలి పీల్చినా ఇలా అవుతుంది. స్టోన్ తీసేసి ఉత్త గొట్టంతో పెద్ద బుడగలు నెమ్మదిగా వదలండి.

మగదే కంటుందన్నది నిజం, గుడ్లు మాత్రం ఆడదానివి. జత కట్టేటప్పుడు రెండూ రంగు తేలి, తోకలు పెనవేసుకుని నిలువుగా పైకి లేస్తాయి. ఆడది గుడ్ల నాళాన్ని మగదాని సంచి మూతిలో పెట్టి కొన్ని సెకన్లలో గుడ్లు దింపేస్తుంది. నీటి లోతు చాలకపోతే గురి తప్పి అడుగున పడతాయి, అవి ఇక పనికిరావు. సంచిలో చేరినవి అక్కడే ఫలదీకరణ చెంది లోపలి పొరలో కూరుకుంటాయి. ఆ పొర నిండా రక్తనాళాలే, ప్రాణవాయువు వాటి నుంచే అందుతుంది. తిండి చాలావరకు గుడ్డులోని సొనే. కాన్పు దగ్గరపడేకొద్దీ సంచిలోని ద్రవం ఉప్పదనం సముద్రపు నీటి స్థాయికి చేరుతుంది, అందుకే పుట్టిన పిల్లకు ఉప్పు దెబ్బ తగలదు.

మన తీరంలో ఉండే కుడా (హిప్పోకాంపస్ కుడా) రకం సముద్రపు గుర్రానికి 28 డిగ్రీల దగ్గర 3 నుంచి 4 వారాలు పడుతుంది. నీరు చల్లగా ఉంటే ఇంకా సాగుతుంది. ఎక్కువగా రాత్రిపూటో తెల్లవారుజామునో సంచిని బిగించి బిగించి పిల్లల్ని చిమ్ముతుంది. ఒక్క కాన్పులో వందల పిల్లలు వస్తాయి.

తండ్రి పాలన అంతటితో సరి. దాదాపు 7 మిల్లీమీటర్ల పిల్ల తన తిండి తానే వేటాడుకోవాలి. జీర్ణాశయం లేదు కాబట్టి తిన్నది గబగబా దాటిపోతుంది, ఒక్కోసారి ఆర్టీమియా బతికే బయటికొస్తుంది. అనుమతితో పెంచే పరిశోధన కేంద్రాల్లోనూ తొలి వారాలే గండం. ఉత్త ఆర్టీమియాతో సరిపెడితే కొవ్వు ఆమ్లాలు చాలవు, కోపిపాడ్లు అనే అతి చిన్న నీటి జీవులను ఇస్తే మేలు. ఆర్టీమియా గుడ్ల పెంకులు వేరు చేయకుండా వేస్తే పేగులో అడ్డుపడతాయి. గాలితోనూ ప్రమాదమే. వెలుతురుకు పైకి చేరిన పిల్లలు మేతతో పాటు గాలి మింగి, బెండులా తేలిపోయి చస్తాయి.

అధికారులు వచ్చేలోపే కాన్పయితే పిల్లల్ని వలతో తోడొద్దు. మగ్గును నీటిలో ముంచి నీటితో సహా ఎత్తండి. ట్యాంకు మీద నేరుగా లైటు వేయొద్దు, పైన తెట్టు కడితే తీసేయండి. పెంకు తీసిన, అప్పుడే పొదిగిన ఆర్టీమియాను రోజుకు నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా వేయండి. వదిలేటప్పుడు అక్కడి నీటిని అరగంట పాటు మెల్లగా కలుపుతూ, ఉప్పదనం, వేడి సరిపోయాకే దించండి.