బడిని పర్యావరణహితంగా మార్చాలంటే మొక్కల కంటే ముందు మీటర్లు చూడండి

"బడిలో పర్యావరణ కమిటీ వేశాం. మొక్కలు నాటడం, పోస్టర్లు అతికించడం అయిపోయింది. ఇంకేం చేయాలి?" అని అడిగారు. ఈసారి పలుగూ పారా పక్కన పెట్టి పెన్నూ పుస్తకమూ పట్టుకోండి. బడి మూసి ఉన్నప్పుడు ఎవరి కంటా పడకుండా పోయేదాన్ని ముందు పట్టుకోవాలి.

సెలవుకు ముందురోజు తాళాలు వేసేటప్పుడు నీటి మీటరు, కరెంటు మీటరు రీడింగులు రాసుకోండి. బడి తెరిచే రోజు పిల్లలు రాకముందే మళ్లీ రాయండి. ఓవర్‌హెడ్ ట్యాంకు పూర్తిగా నిండాకే మొదటి రీడింగు తీయాలి. లేదంటే ట్యాంకులోకి ఎక్కే నీళ్లు కూడా లీకేజీ లెక్కలో పడతాయి. నీటి మీటరు లేకపోతే ట్యాంకులోకి వచ్చే వాల్వ్ కట్టేసి, నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. 2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు ఉన్న ట్యాంకులో మట్టం 1 సెంటీమీటరు దిగిందంటే 30 లీటర్లు పోయినట్టే.

తేడా వస్తే ముందు అనుమానించాల్సింది ఫ్లష్ ట్యాంకుల్ని. కారే కుళాయి అందరికీ కనిపిస్తుంది, ఫ్లష్ ట్యాంకు లీకేజీ చప్పుడు కూడా చేయదు. ట్యాంకులో కాస్త వంటరంగు కలిపి అరగంట ఎవరినీ వాడనివ్వకండి. కింద బేసిన్‌లో రంగు కనిపిస్తే అడుగున ఉండే రబ్బరు సీలు పాడైందని, లేదా దాని మీద ఉప్పు పేరుకుందని అర్థం. తుడిచి చూడండి, ఆగకపోతే సీలు మార్చండి.

కరెంటు లెక్క ఇంకా తేలిక. ఎవరూ లేని 12 గంటల్లో 12 యూనిట్లు తిరిగిందంటే 1 కిలోవాట్ లోడు ఆగకుండా నడుస్తోందన్నమాట. వాటర్ కూలర్లు, కంప్యూటర్ గది, ప్రొజెక్టర్లు, బయటి దీపాలు, ఈ వరసలో వెతకండి. పాత 36 వాట్ల ట్యూబులైటు చోక్‌తో కలిపి 45 వాట్లు దాటి లాగుతుంది, ఎల్ఈడీ ట్యూబుకు 18 నుంచి 20 వాట్లు చాలు. అయితే కొన్ని రకాల ఎల్ఈడీ ట్యూబులకు పాత ఫిట్టింగులోని చోక్ తీసేయాలి, ఆ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. తీసిన ట్యూబుల్లో పాదరసం ఉంటుంది, పగలనివ్వకుండా ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించండి. వైరింగు మార్చే అవకాశం ఉంటే కిటికీల పక్క వరసకు వేరే స్విచ్ పెట్టించండి. ఒకే స్విచ్‌కు గదంతా వెలుగుతుంటే పట్టపగలు కూడా ఎవరూ ఆర్పరు.

ఇక కంపోస్టు. పిల్లలకు బాగా నచ్చే పని, చాలా బడుల్లో రెండు నెలలకే ఆగిపోయే పని కూడా ఇదే. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, ఎండుటాకులు అయిపోవడం. ఆకులు ఒక కాలంలో రాలతాయి, భోజనాల దగ్గర చెత్త బడి నడిచే ప్రతిరోజూ వస్తుంది. అందుకే రాలినప్పుడే ఊడ్చి, కాల్చకుండా, తడవని చోట వల కట్టి నిల్వ చేయండి. ఒక బకెట్ తడి చెత్తకు రెండు మూడు బకెట్ల ఎండుటాకులు పడాలి. తక్కువైతే చినిగిన అట్టపెట్టెలు, రంపపు పొట్టు కలపవచ్చు.

కుప్ప పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కో మీటరైనా లేకపోతే లోపల వేడి నిలవదు. బాగా నడుస్తున్న కుప్ప మధ్యలో 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార వస్తే తడి ఎక్కువైనట్టు. కుళ్లిన గుడ్ల వాసన వస్తే లోపలికి గాలి ఆడడం లేదు, తిరగేసి ఆకులు కలపండి. ఘాటుగా అమ్మోనియా వాసన వస్తే తడి చెత్త వాటా ఎక్కువైంది, దానికీ ఆకులే మందు. మాంసం, పాల పదార్థాలు, నూనె వంటకాలు వేయకండి, ఎలుకలు చేరతాయి. ఒక ఎలుక కనిపించిందంటే ఆఫీసు నుంచి మూసేయమని మాట వస్తుంది, పిల్లల శ్రమంతా పోతుంది.

తొట్లు రెండు కట్టించండి. ఒకటి నిండాక దానిలో కొత్త చెత్త వేయడం ఆపి మాగనివ్వాలి, ఆలోగా రెండోది నింపాలి. పెద్ద సెలవులకు రెండు వారాల ముందే తడి చెత్త వేయడం మానేసి, ఒకసారి బాగా తిరగేసి, పైన అరడుగు మందాన ఆకులు కప్పి తాళం వేయండి.