సంతృప్తి శాతం రాసి చేతులు దులుపుకోకు

తమ్ముడూ,

పాడి గేదెల రుణాల పథకం ఫలితాన్ని కొలవడానికి నువ్వు పంపిన ముసాయిదాలో "లబ్ధిదారుల్లో అత్యధికులు సంతృప్తి వ్యక్తం చేశారు" అన్న వాక్యం కొట్టెయ్. పక్కన రుణాలు ఇప్పించే సీసీ (కమ్యూనిటీ కోఆర్డినేటర్) నిలబడి ఉండగా బాగాలేదని ఎవరంటారు? పైగా వచ్చే విడత రుణం రావాలి కదా! తేల్చాల్సింది ఒకటే: ఈ రుణమే రాకపోతే ఆ ఇల్లు ఇవాళ ఎలా ఉండేది?

దానికి పథకం అందని ఊళ్లు కూడా చూడాలి. పథకం ఊళ్లలో నెల ఆదాయం 6,000 నుంచి 8,000కి, మిగతా ఊళ్లలో 6,000 నుంచి 7,500కి పెరిగిందనుకో. గేదె తెచ్చింది 500 మాత్రమే. ఆ 1,500 వానదో, కూలి రేట్లదో. ఈ లెక్క కూడా రెండు రకాల ఊళ్లూ అంతకుముందు ఒకే తీరున నడుస్తుంటేనే చెల్లుతుంది.

ఒకే ఊళ్లో రుణం తీసుకున్నవాళ్లనీ తీసుకోనివాళ్లనీ పోల్చకు. ముందుకొచ్చేవాళ్లకు గడ్డి, ఇంట్లో మనిషి సాయం, తెగువ ముందే ఉంటాయి. హైదరాబాద్‌లో స్పందన అనే సంస్థ ఇచ్చిన సూక్ష్మరుణాల (పేదలకిచ్చే చిన్న అప్పుల) మీద అధ్యయనం ఇందుకే మనుషులను వదిలి బస్తీలకు లాటరీ వేసింది. 104 బస్తీల్లో 52 చోట్ల ముందుగా శాఖలు తెరిచారు. 15 నుంచి 18 నెలల తర్వాత చూస్తే సూక్ష్మరుణం ఉన్న ఇళ్లు అక్కడ 27 శాతం, మిగతాచోట్ల 18 శాతం. సామాన్లు కొన్నారు, వ్యాపారంలో పెట్టుబడి పెరిగింది. మొత్తం ఇంటి ఖర్చులో మాత్రం చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు.

30 ఊళ్లలో ఊరికి 20 చొప్పున 600 ఇళ్లన్నావు. ఒక ఊరివాళ్లది ఒకే చెరువు, ఒకే పాలకేంద్రం. ఆదాయాలూ ఒకేలా పెరుగుతాయి, తరుగుతాయి. ఆ పోలికను 0 (అసలు లేదు) నుంచి 1 (అందరూ ఒకటే) దాకా కొలిస్తే 0.1 ఉందనుకో. ఊళ్లో ఒక ఇంటికి మిగతా 19 ఇళ్ల పోలిక కలిపితే, 1 + 19 × 0.1 = 2.9. 600ను దాంతో భాగిస్తే నీ చేతికి దక్కేది 207 ఇళ్ల సమాచారమే. అదే 60 ఊళ్లలో పదేసి ఇళ్లయితే 316. జీపు ఖర్చు పెరుగుతుంది, పెరగనీ.

మొదటి సర్వే ఎండాకాలంలో, రెండోది ఖరీఫ్ కోతలయ్యాక చేస్తే ప్రతి పథకమూ గెలుస్తుంది. రెండోసారీ అదే నెలలో వెళ్లు. గేదె వట్టిపోయిన నెలలు కూడా లెక్కలోకి రావాలి. తిండి ఖర్చు ఏడు రోజులకు అడుగుతావో ముప్పై రోజులకు అడుగుతావో ఒకటే పట్టుకో. 1999-2000 జాతీయ నమూనా సర్వేలో రెండూ పక్కపక్కనే అడిగి, పాత సర్వేలతో పోల్చడం కుదరక, పేదరికం ఎంత తగ్గిందన్నదే వివాదం చేసుకున్నారు.

అన్నిటికంటే ప్రమాదం తాళం వేసిన ఇల్లు. పాలమూరు లాంటి చోట అది వలసపోయిన ఇల్లు, బహుశా ఊళ్లో అందరికంటే పేద ఇల్లు. ఎన్యూమరేటర్ పక్కింటితో ఫారం నింపేస్తే వలస కుటుంబం నీ నివేదికలోంచే మాయం. మొదటి సర్వేలోనే ఇద్దరు బంధువుల ఫోన్ నంబర్లు రాయించు, పండక్కి వచ్చినప్పుడు మళ్లీ వెళ్లమను.

ఇళ్లన్నీ చూపే ఊరి పటం రచ్చబండ దగ్గర ఒక్కసారి గీయించి సరిపెట్టకు. ఎస్సీ వాడలో, తండాలో, ఆడవాళ్లతో విడిగా, కూలి నుంచి తిరిగొచ్చాక కూర్చో. "ఎవరికి జరగడం కష్టంగా ఉంది?" అని అడిగి, పటంలో ఇంటింటికీ కష్టాన్ని బట్టి చింతగింజలు పెట్టించు. రేషన్ కార్డు పోతుందన్న భయంతో ఆదాయం తగ్గించి చెప్పినవాళ్లు ఆ వరుసలో దొరికిపోతారు.

ప్రశ్నావళిని నమూనాలో లేని ఊళ్లో పదిపన్నెండు ఇళ్లలో అడిగి చూసి, తడబడిన ప్రశ్నలకు గుర్తు పెట్టి పంపు. అవి సరిచేసేదాకా ఎన్యూమరేటర్లకు శిక్షణ మొదలుపెట్టకు.

మీ అన్న