టవర్ సంగతి తర్వాత, ముందు ఇస్త్రీ బండి గీయి

అమ్మలూ,

నీ మెయిలూ, స్టోరీబోర్డూ రెండూ అందాయి. అక్కడ టోక్యోలో నీ యానిమేషన్ డిప్లొమాకి మూడు నిమిషాల సినిమా. ఎండలూ వానలూ అదుపు తప్పిన టోక్యో, పైన డబ్బున్నవాళ్లుండే టవర్, కింద బురదలో మిగతా జనం. ‘షాంగ్రి-లా’ అనే జపాన్ యానిమేషన్ సిరీస్ చూసిన ఊపులో ఉన్నానని నువ్వే రాశావు. ఊపు మంచిదే. కానీ మొదటి ఎనిమిది గళ్లలోనూ టవరే ఉంది. దూరం నుంచి, దగ్గర నుంచి, వానలో, ఎండలో. తొమ్మిదో గడిలో గానీ మనిషి కనబడలేదు. కనబడ్డ ఆ ఒక్కడికీ ముఖం లేదు, గొడుగుంది.

ముప్పయ్యేళ్లు యానిమేషన్ బొమ్మలు గీస్తూ లైట్ టేబుల్ మీదా, ఆ తర్వాత కంప్యూటర్ ముందూ వంగి నడుం పోగొట్టుకున్నవాణ్ణి, మొహమాటపడను. టవర్ గీయడం సులువు. మీ జపాన్ వాళ్లు దాన్ని ఎప్పుడో గీసేశారు కూడా. 1989లో తకెనకా అనే నిర్మాణ కంపెనీ వెయ్యి మీటర్ల ఎత్తున ‘స్కై సిటీ 1000’ అని ప్లాను వేసింది. 35 వేలమంది కాపురాలు, లక్షమంది ఉద్యోగాలు అందులోనే. కట్టలేదనుకో. భూమి ధరలు ఆకాశంలో ఉన్న రోజుల్లో అలాంటివి చాలా గీశారు. ‘షాంగ్రి-లా’లోని అట్లాస్ టవర్ ఆ వంశంలోదే. నువ్వు ఇంకొకటి గీస్తే చూసేవాడు ‘ఓహో, అదా’ అనుకుని ఫోన్ తీస్తాడు.

ఆ సిరీస్ నేనూ చూశాను. 2009లో వచ్చినప్పుడు స్టూడియోలో కుర్రాళ్లతో కలిసి, నైట్ షిఫ్టుల్లో, 24 ఎపిసోడ్లూ. అందులో నాకు నచ్చింది టవరూ కాదు, కథానాయిక కునికో విసిరే బూమరాంగూ కాదు. లెక్క. ఆ లోకంలో డబ్బు స్థానంలో కార్బన్ కూర్చుంది. ఎవరు ఎంత పొగ వదిలారన్నదాన్నిబట్టి దేశాలు లేస్తాయి, పడతాయి. చిన్నపిల్ల కరిన్ మెదూసా అనే ప్రోగ్రాం పెట్టుకుని ఆ మార్కెట్‌ని ఆటాడిస్తుంది. మూలం ఇకెగామి ఎయిచి నవల, పుస్తకంగా వచ్చింది 2005లో. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే, దేశాలు వదిలే పొగ తగ్గించాలన్న క్యోటో ఒప్పందం అమల్లోకొచ్చింది. అంటే రచయిత ఎక్కడో నక్షత్రాల్లోంచి కథ దింపలేదు, రోజూ పేపర్లో వచ్చేదాన్ని ఇంకో నాలుగడుగులు నడిపించాడు. సిరీస్ అయిపోయిన మరుసటి ఏప్రిల్లో, 2010లో, టోక్యో ప్రభుత్వం నిజంగానే పెద్ద భవనాలకు కార్బన్ పరిమితి పెట్టి, తమ వాటాలో మిగిల్చుకున్నవాళ్లు పరిమితి దాటినవాళ్లకు అమ్ముకోవచ్చంది.

నచ్చనిదీ చెప్పాలిగా. పోనుపోను ఆ లెక్క పక్కకుపోయి, అట్లాస్‌కి వారసులెవరు, ఎవరి పుట్టుక ఏమిటి అన్న గొడవ కథనంతా మింగేసింది. పేదవాళ్ల కష్టంతో మొదలుపెట్టి రాచరక్తంతో ముగిస్తే ఎలా? మన పాత జానపద సినిమాల్లో పేద హీరో చివరికి రాకుమారుడని తేలినట్టుంటుంది. నువ్వా పని చేయకు.

కాబట్టి ముందు నీ లోకంలో దేన్ని లెక్కపెడతారో తేల్చుకో. ఒక్కటి చాలు. చెమటా, నీడా, నిద్రా, ఏదైనా సరే. లెక్కంటూ ఉన్నాక దొంగలెక్క ఎలాగూ పుడుతుంది, కథ అక్కడ దొరుకుతుంది. నిజంగా జరిగింది ఒకటి చెబుతా. మన పాత ఏసీల్లో మెకానిక్ నింపేవాడే, ఆర్-22 గ్యాసు, అది తయారుచేసేటప్పుడు హెచ్ఎఫ్‌సీ-23 అనే ఇంకో వాయువు వ్యర్థంగా వస్తుంది. క్యోటో లెక్కల్లో దాని టన్ను ఒకటి 11,700 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. దాన్ని గాల్లోకి వదలకుండా కాల్చేస్తే అన్ని టన్నులకీ క్రెడిట్లిచ్చారు, అంటే మార్కెట్లో అమ్ముకోగల కార్బన్ చీటీలు. అసలు గ్యాసు అమ్మితే వచ్చేదానికన్నా చెత్త కాలిస్తే వచ్చేది ఎక్కువైంది. ఇక చూసుకో, చెత్త కోసమే సరుకు తయారుచేస్తున్నారని గోల లేచింది. చివరికి 2013 మేలో యూరప్ ఆ క్రెడిట్లు మా మార్కెట్లో చెల్లవు పొమ్మంది. ఏ విలన్నీ గీయక్కర్లేని కథ ఇది. మీసం మెలేసేవాడు లేడు. ఒక గుమాస్తా, ఒక పట్టీ, అంతే.

ఏసీ అంటే గుర్తొచ్చింది. నేను పనిచేసిన ఒక స్టూడియోలో, బొమ్మల్ని కంప్యూటర్లు ఫ్రేములుగా తయారుచేసే రెండర్ రూమ్ మేడ మీద ఉండేది. మిషన్లు వేడెక్కకూడదని పద్దెనిమిదిలో పెట్టేవాళ్లు. మేం మే నెలలో మంకీ క్యాపులు పెట్టుకుని కూర్చునేవాళ్లం, నవ్వకు. ఓ మధ్యాహ్నం టీకని వెనక సందులోకి దిగాను. గోడకి వరసగా ఆరు ఔట్‌డోర్ యూనిట్లు, సందులోకి వేడిగాలి కక్కుతున్నాయి. సరిగ్గా వాటి కింద ఇస్త్రీ బండి. బొగ్గుల పెట్టె ఒకవైపు, పైనుంచి మా గాలి ఒకవైపు. ఆయన తడిగుడ్డ తలకి చుట్టుకుని మా మేనేజరు చొక్కాలే తోముతున్నాడు. బండి ఎదుటివైపుకి తీసుకుపోవచ్చుగా అన్నాను, పెద్ద తెలివైనవాడిలా. ‘అటువైపు నీడుంది సార్, నీడకి కిరాయుంది’ అన్నాడు. ఆ గుడ్డ ఎంతసేపటికి ఆరుతుందో చూస్తూ నిలబడ్డాను. గ్లాసులో టీ అయిపోయేలోపు ఆరిపోయింది.

నీ సినిమాలో ఉష్ణోగ్రత ఎంతో అంకె వేయకు. గుడ్డ ఆరేదాకా కెమెరా కదపకుండా ఉంచు. పైవాడి చల్లదనం కిందివాడి నెత్తిన ఏమై పడుతుందో అందులోనే ఉంది. టవర్ చూపించాలని మరీ అనిపిస్తే దాని వెనక సందు చూపించు.

మరి టోక్యోలో ఇస్త్రీ బండి ఎక్కడిది మామయ్యా అంటావు. నిజమే, తెచ్చి అతికించకు. నీ కళ్ల ముందే అంతకన్నా మంచిది ఉంది. టోక్యోలో నిషి-కసాయిలో దిగిన కొత్తలో నాకో ఫొటో పంపావు, గుర్తుందా? మన ఇండియా వాళ్లంతా అక్కడే ఉంటారని, కరివేపాకు దొరుకుతుందని సంబరపడుతూనే, ఎడొగావా వార్డు ఆఫీసువాళ్లు వేసిన వరద మ్యాపు పుస్తకం ఫొటో పంపావు. అట్ట మీద వార్డు బొమ్మ, దానిమీద ‘ఇక్కడ ఉండకూడదు’ అని రాసి ఉంది. 2019లో వేసిన మ్యాపు. ‘ఉండొద్దన్న చోటికే రెయికిన్ కట్టి మరీ చేరాను’ అని నవ్వావు. తిరిగిరాని డబ్బు ఓనరుకి కానుకగా ఇచ్చి, ఉండొద్దన్న ఇంట్లో చేరడం! ఇంతకన్నా మొదటి సీను ఎవడిస్తాడు నీకు?

ఆ వార్డులో నేల పదింట ఏడు వంతులు, పోటు వేళ సముద్రమట్టం కన్నా కిందే. చుట్టుపక్కల ఐదు వార్డుల్లో కలిపి పాతిక లక్షలమంది. పెద్ద వరదొస్తే నీళ్లు ఒకటి రెండు వారాలు, అంతకుపైగా కూడా నిలుస్తాయట, కాబట్టి ముందే వేరే ఊళ్లోని చుట్టాలింటికో, హోటలుకో పొమ్మంటుంది ఆ పుస్తకం. చుట్టాల్లేనివాడు? రెండు వారాల హోటలు బిల్లు కట్టలేనివాడు? నీ గొడుగు మనిషి ఆ పేజీ దగ్గర ఆగితే చాలు.

అదే ఏడాది అక్టోబరులో హగిబిస్ తుఫాను వచ్చింది. టోక్యోలోనే ఇంకో వార్డులో, పునరావాస కేంద్రానికి వెళ్లిన ఇల్లులేని మనుషుల్ని, మీకు ఈ వార్డులో అడ్రసు లేదుగా అని వెనక్కి పంపేశారు. పార్లమెంటు దాకా వెళ్లింది, మేయరు క్షమాపణ చెప్పాడు. బల్ల, ఫారం, అడ్రసు అన్న గడి. రాసే పెన్ను ఆ గడి దగ్గర ఆగడం. ఎన్ని బొమ్మలు పడతాయి చెప్పు? పన్నెండు కూడా పట్టవు.

ఇక బొమ్మల లెక్క. మూడు నిమిషాలంటే 180 సెకన్లు, సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని మూడు ఫ్రేములు పట్టి ఉంచినా సెకనుకి ఎనిమిది, మొత్తం 1,440. రెండు ఫ్రేములైతే 2,160. ఒక్కదానివి చేయలేవు, చేయకు కూడా. వానా, పారే నీళ్లూ, కదిలే ఆకులూ, ఈ మూడూ చేతులు విరిచేస్తాయి. నీ బోర్డులో మూడూ ఉన్నాయి. వానని చప్పుడుకి వదిలెయ్. రేకు మీద చినుకు, ప్లాస్టిక్ పట్టా మీద చినుకు వేరువేరుగా వినబడతాయి, ఎవడి కప్పు ఏదో చెవే చెప్పేస్తుంది. నీళ్లు నిశ్చలంగా నిలిచి ఉండనీ. జనం గుంపు అసలొద్దు. నలభైమంది చేసే పని చెప్పుల వరస ఒకటి చేస్తుంది. కదలాల్సింది చేతులే, వాటి మీద ఖర్చుపెట్టు. రంగు వేయకముందే, చిత్తు బొమ్మల్ని టైము ప్రకారం వరసగా నడిపించే యానిమాటిక్ కట్టి, ఏమీ తెలియనివాళ్లకి చూపించు. మీ పక్కింటావిడ అర్థమైందంటే అయినట్టే.

ఒక విషయం అడగలేదు నువ్వు, అయినా చెబుతా. జపాన్ యానిమేటర్ల సంఘం 2015లో బయటపెట్టిన సర్వేలో, ముఖ్యమైన బొమ్మల మధ్య కదలిక నింపే ఇన్‌బిట్వీన్లు వేసేవాళ్ల సగటు ఆదాయం ఏడాదికి దాదాపు 11 లక్షల యెన్లే. టోక్యోలో అద్దె కడుతున్నదానివి, అదెంతో నీకే తెలుసు. ‘షాంగ్రి-లా’ తీసిన గోంజో కంపెనీ షేరుని 2009 జులైలో, ఇంకా ఆ సిరీస్ ప్రసారం అవుతుండగానే, టోక్యో స్టాక్ ఎక్స్ఛేంజీ నుంచి తీసేశారు. పైవాళ్లూ కిందివాళ్లూ అన్న కథని కిందివాళ్లే గీస్తారు, రాత్రి రెండింటికి. మేమూ అంతే. విదేశీ సిరీస్‌ల బొమ్మలు కట్టలు కట్టలు మా బల్లల మీదికొచ్చేవి, ఏ ఎపిసోడ్లోనూ మా పేర్లు పడేవి కావు. నీకు సాయం చేసే ఇద్దరు జూనియర్లున్నారన్నావు కదా, టైటిల్స్‌లో వాళ్ల పేర్లు నీ పేరంత సైజులో వెయ్. భోజనం ఖర్చు నాకు పంపు, అత్తయ్యకి చెప్పకుండా చూసుకుంటాను.

దసరాకి ముందే కొత్త బోర్డు పంపు. తొమ్మిదో గడిలోవాణ్ణి మొదటి గడికి తీసుకొచ్చి ముఖం గీయి. వాడు పనికి వెళ్తున్నాడో, తిరిగొస్తున్నాడో కూడా నాకు రాయి. వెళ్లేటప్పుడు టిఫిన్ డబ్బా బరువుంటుంది, వచ్చేటప్పుడు ఉండదు. గొడుగు పట్టిన భుజం దాన్నిబట్టి వంగాలి, నువ్వు రెండు భుజాలూ సమానంగా గీశావు.

మామయ్య