కాళేశ్వరం రేవులో బోట్లు నడిపే అల్లుడికి

హన్మకొండ

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నీ ఫోన్ వచ్చినప్పటి నుంచి నీ బోట్ల గురించే ఆలోచిస్తున్నా. 2027 గోదావరి పుష్కరాల లోపు డీజిల్ ఇంజన్లు తీసేసి బ్యాటరీ మోటార్లు పెడతానన్నావు. చాలా సంతోషం. త్రివేణి సంగమంలో జనం దోసిట్లోకి తీసుకుని తీర్థంలా తాగే నీళ్ల మీద మనం నూనె తెట్టు వదలడం నాకు ఎన్నడూ నచ్చలేదు. అయితే ఫోన్లో తీరిగ్గా చెప్పలేకపోయిన మాట ఒకటుంది. మోటార్ కొనే ముందు, ఇప్పుడున్న బోటు అడిగే శక్తిని తగ్గించు. అది చేయకుండా ఇంజన్ ఒక్కటే మారిస్తే బ్యాటరీకి తెచ్చే అప్పు రెండింతలు అవుతుంది.

అన్నిటికంటే ముందు స్పీడు. నీళ్లల్లో నడిచే బోటుకు రోడ్డు మీది బండి లెక్కలు పనికిరావు. స్పీడు కొంచెం పెంచినా ఇంజన్ మీద భారం దాదాపు దాని ఘనం లెక్కన పెరుగుతుంది. గంటకు 10 కిలోమీటర్లు నడిపే బోటును 8కి తగ్గించావనుకో, కావాల్సిన శక్తి సుమారు సగానికి పడిపోతుంది. ట్రిప్పుకు ఎక్కువ సేపు పడుతుంది కాబట్టి ఆ సగమంతా మిగలదు. అయినా లెక్క ప్రకారం ట్రిప్పుకు మూడో వంతు దాకా డీజిల్ మిగలాలి. రెండు కిలోమీటర్ల చుట్టుకు 12 నిమిషాలు పట్టేది 15 పడుతుంది. సంగమం చూడడానికి వచ్చినవాళ్లకు ఆ మూడు నిమిషాలు నష్టమేమీ కాదు. బోటు ముక్కు పైకి లేచి వెనక పెద్ద అల వస్తున్నదంటే నీ డీజిల్ ఆ అలను లేపడానికే పోతున్నదని అర్థం. అల చిన్నదయ్యేదాకా తగ్గించి చూడు. నీ బోటుకు సరిపడే స్పీడు దానంతట అదే తెలుస్తుంది.

ఈ లెక్క నిలకడ నీళ్లకు. ఎదురు ప్రవాహంలో మరీ నెమ్మదిగా పోతే ప్రయాణం సాగినంత సేపూ నది వెనక్కి తోస్తూనే ఉంటుంది, ఆదా అయిందనుకున్నది అక్కడే పోతుంది. అందుకే పైకి పోయేటప్పుడు ఒడ్డు పక్కన ప్రవాహం మెత్తగా ఉన్న దారి పట్టాలి, కిందికి వచ్చేటప్పుడు నడి నది. ఎండాకాలంలో ఇసుక మేటలు తేలినప్పుడు ఇంకో సంగతి చూసుకోవాలి. లోతు తక్కువైతే బోటు వెనక భాగం కుంగుతుంది, అదే స్పీడుకు ఎక్కువ డీజిల్ తాగుతుంది. దారి కొంచెం చుట్టయినా లోతున్న చోటే మేలు.

వరద రోజుల్లో మాత్రం పొదుపు మాటే తలచవద్దు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు అందులో మన కడిపికొండ వాళ్లూ ఉన్నారు. ఆ దుఃఖం మన ఊళ్లల్లో ఇంకా ఉంది. నది ఉరకలేస్తుంటే బోటు కట్టేయాలి. రేపు మోటార్ ఎంచుకునేటప్పుడు కూడా, రోజూ వాడేది సగమే అయినా, ఎదురు ప్రవాహాన్ని గెలిచేంత మిగులు బలం ఉండేది తీసుకో. అక్కడ రూపాయి మిగిల్చుకోవద్దు బిడ్డా.

స్పీడు తగ్గించమంటే మీ డ్రైవర్లు ఒప్పుకోరు, అది నాకు తెలుసు. వాళ్ల తొందరకు కారణం రేవులోనే ఉంది. టికెట్ చింపడానికి, చిల్లర వెతకడానికి, లైఫ్ జాకెట్ తొడగడానికి పది నిమిషాలు పోతాయి. ఆ పది నిమిషాలను నీళ్ల మీద పూడ్చుకోవాలని ఇంజన్‌ను గుంజుతారు. జనం లైన్‌లో ఉండగానే టికెట్లు ఇప్పించి జాకెట్లు తొడిగించు. రేవులో మిగిలిన ప్రతి నిమిషం నది మీద నెమ్మదిగా నడిపే నిమిషం అవుతుంది. ట్రిప్పుకు ఇంత అని కూలీ కట్టే పద్ధతి కూడా మానుకో. నెల జీతం ఇచ్చి, మిగిలిన డీజిల్ డబ్బులో వాళ్లకు వాటా పెట్టు. నా దృష్టిలో ఏ కొత్త మిషను కంటే ఇదే ఎక్కువ పని చేస్తుంది.

జనం ఎక్కేదాకా ఇంజన్ నడుస్తూనే ఉంచుతారు కదా. ఆపితే మళ్లీ స్టార్ట్ కాదేమోనని వాళ్ల టెన్షన్. తప్పు డ్రైవర్ది కాదు. బలహీనమైన బ్యాటరీని, అరిగిన స్టార్టర్‌ను మార్చించు, ఆ తర్వాత ఆపమని చెప్పు.

ఇక బోటు ఒళ్లు చూడు. అడుగున పాచి పట్టి చేతికి జిగటగా తగిలితే చాలు, నీటి రాపిడి పెరిగినట్టే. నీళ్లు తగ్గిన రోజుల్లో ఇసుక మీదికి లాగి మెత్తని బ్రష్‌తో కడిగించు, గీతలు పడనివ్వొద్దు. ప్రొపెల్లర్ రెక్కలను ఇసుక, రాళ్లు కొరికేస్తాయి. అంచు వంగినా చిట్లినా వర్క్‌షాప్‌లో సరిచేయించు. నిండు జనంతో ఫుల్ రేజ్ ఇచ్చినప్పుడు ఇంజన్ దాని మీద రాసి ఉన్న ఆర్‌పీఎం, అంటే నిమిషానికి తిరగాల్సిన చుట్లు, అందుకోవాలి. అందుకోక నల్లపొగ కక్కితే ప్రొపెల్లర్ దానికి బరువైందేమో చూడు. ఇంకా అడుగున నిలిచే నీళ్లు. 100 లీటర్లు నిలిస్తే 100 కిలోల బరువును ఊరికే తిప్పుతున్నట్టు. ఆ నీళ్లలో నూనె కలిసి ఉంటే నదిలోకి పంపు కొట్టొద్దు, డ్రమ్ములో పట్టించు. ఫొటోల కోసం అందరూ ముందుకు జరిగితే ముక్కు మునుగుతుంది, సమానంగా కూర్చోబెట్టు.

పొగ రంగు రోజూ చూడు. నల్లపొగ అంటే డీజిల్ సరిగా కాలడం లేదు. గాలి ఫిల్టర్, ఇంజెక్టర్, భారం చూసుకోవాలి. నీలం అంటే ఇంజన్ ఆయిల్ కాలుతున్నది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే మెకానిక్‌ను పిలువు. నీ చిన్న పడవకున్న పాత టూ స్ట్రోక్ పెట్రోల్ ఇంజన్‌ను మాత్రం రిపేర్ చేయించొద్దు, తీసేయి. ఆ రకం ఇంజన్లలో పోసిన పెట్రోల్, ఆయిల్‌లో పావు వంతు దాకా కాలకుండానే నేరుగా నీళ్లల్లోకి పోతుంది. బ్యాటరీ మోటార్ మొదట పెట్టాల్సింది ఆ పడవకే. బరువు తక్కువ, దూరం తక్కువ, ఖర్చూ తక్కువ.

పెద్ద బోటు సంగతికి వస్తా. ఉదాహరణకు 10 కిలోమీటర్ల స్పీడుకు 16 కిలోవాట్లు కావాలనుకో. రోజుకు ఆరు గంటలు తిప్పితే 96 యూనిట్లు. అదే బోటు 8 దగ్గర నడిస్తే 8 కిలోవాట్లు, 48 యూనిట్లు. బ్యాటరీ సగం, బరువు సగం, అప్పు సగం. మొదట చెప్పిన మాట ఇందుకే. కేరళలో వైకోం దగ్గర 2017 నుంచి తిరుగుతున్న 75 సీట్ల సోలార్ బోటు ‘ఆదిత్య’ను ఒకసారి పోయి చూసిరా. ఇరవై కిలోవాట్ల ప్యానెళ్లు, 50 యూనిట్ల బ్యాటరీతో అది నడుస్తున్నదంటే ప్యానెళ్ల గొప్పతనం కొంతే. పక్కపక్కన రెండు సన్నని పడవల్లా ఉండే అడుగుభాగం, తేలికైన ఒళ్లు, గంటకు 10 కిలోమీటర్ల నిదానపు నడక, అసలు బలం అక్కడుంది. అటే కొచ్చిలో 2023లో మొదలైన వాటర్ మెట్రోలో రేవు దగ్గర ఆగినప్పుడే బోట్లను ఛార్జ్ చేసే ఏర్పాటు చూడు. రేవు పని, ఛార్జింగ్ ఎలా కలిసి నడుస్తాయో అర్థమవుతుంది.

కరెంటు ఎక్కడిదన్నది కూడా అడగాలి. హన్మకొండ నుంచి మీ దగ్గరికి వచ్చే దారిలోనే చెల్పూరు థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు కనిపిస్తాయి. ఒక లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మంచి ఇంజన్ ఆ లీటరుతో చేసే పనిని మోటార్‌తో చేయాలంటే ఛార్జింగ్ నష్టాలతో కలిపి మూడున్నర యూనిట్ల దాకా పడుతుంది. అదంతా బొగ్గు కరెంటే అయితే యూనిట్‌కు ఇంచుమించు కిలో చొప్పున మూడు కిలోలు దాటుతుంది. లైన్‌లో జల విద్యుత్తు, సోలార్ కూడా కలుస్తాయి కాబట్టి అసలు లెక్క అంత చెడ్డగా ఉండదు, సంగమంలో పొగ, నూనె లేకపోవడం ఎలాగూ లాభమే. కానీ మొత్తం మేలు కావాలంటే సోలార్ తప్పదు. మన ఎండకు ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది. 48 యూనిట్లకు 12 కిలోవాట్లు కావాలి, అంత చోటు బోటు కప్పు మీద ఉండదు. సగం కప్పు మీద, సగం రేవు షెడ్డు మీద వేయించు. ప్యానెల్ వేడెక్కే కొద్దీ దిగుబడి తగ్గుతుంది, కింద గాలి ఆడేలా ఖాళీ వదలాలి. బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం తీసుకో. మే నెల వేడికి దాని ఆయుష్షు తరుగుతుంది కాబట్టి నీడలో, గాలి తగిలే పెట్టెలో, నీళ్లు చేరనంత ఎత్తులో ఉంచు.

రేపటి నుంచే ఒక నోటు పుస్తకం పెట్టు. పొద్దున ట్యాంకు గుర్తు దాకా నింపి, సాయంత్రం మళ్లీ అదే గుర్తుకు ఎన్ని లీటర్లు పట్టిందో రాయాలి. ట్రిప్పులు, ఎక్కిన జనం, ఇంజన్ నడిచిన గంటలు కూడా. మొదటి వారం ఇప్పుడున్న పద్ధతిలోనే నడిపించు, రెండో వారం స్పీడు తగ్గించి, రేవులో ఇంజన్ ఆపించి చూడు. రెండు వారాల పేజీలు ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపితే మోటార్ సైజు ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వొద్దు.

అక్కను అడిగానని చెప్పు. కార్తీకంలో వస్తా, కొత్త స్పీడులో ఒక చుట్టు తిప్పు.

మీ మామ