నచ్చని ప్రకటన గురించి రెండు నిమిషాలు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇంట్లో తెలుగు, బడిలోనూ బజారులోనూ ఒడియా. బ్రిటన్‌లో ఉద్యోగం కోసం ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకు తయారవుతున్నాను. 'మీకు నచ్చని ప్రకటన గురించి చెప్పండి' అనే అంశానికి శిక్షణ కేంద్రంలో ఫెయిర్‌నెస్ క్రీము మీద జవాబు రాసిచ్చి బట్టీ పట్టమన్నారు. నమూనా పరీక్షలో స్పీకింగ్‌కు (మాట్లాడే భాగానికి) తొమ్మిదికి 6 వచ్చింది. నాకు నిజంగా కోపం తెప్పించింది మా బస్టాండు దగ్గరి ఒక కోర్సు బోర్డు. ఒడియాలో, తెలుగులో పెద్ద అక్షరాలతో 'ఉద్యోగం గ్యారంటీ' అని ఉంటుంది. 'మేం పెట్టే పరీక్షలో నెగ్గినవారికే' అన్న షరతు మాత్రం అడుగున సన్నటి ఇంగ్లీషులో ఉంది. అది చూడక మా అక్క చేరి డబ్బు పోగొట్టుకుంది. ఇలాంటి ఇంటి సంగతులు పరీక్షలో చెప్పవచ్చా?

జవాబు: చెప్పవచ్చు. మీకు 6 ఎందుకు వచ్చిందో, 7 ఎలా వస్తుందో రెండూ మీ ఉత్తరంలోనే ఉన్నాయి.

బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్‌కు స్పీకింగ్‌లో 7 కావాలి. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగింటికీ సమానంగా మార్కులు ఉంటాయి. మీ అభిప్రాయం మంచిదా చెడ్డదా అన్నదానికి మార్కులు లేవు. బట్టీ పట్టిన జవాబును పసిగట్టడం పరీక్షకులకు కొత్త కాదు. వల్లించేటప్పుడు గొంతు ఒకే తాళంలో సాగిపోతుంది, మధ్యలో ఒక్క మాట మరిచిపోతే మొత్తం ఆగిపోతుంది. పైగా ఆ క్రీము మీరెప్పుడూ వాడి ఉండకపోతే, వెంటనే వచ్చే చిన్న ప్రశ్నకు ఏం చెబుతారు? ఫెయిర్ అండ్ లవ్లీ 2020లోనే గ్లో అండ్ లవ్లీగా మారింది. మీకిచ్చిన కాగితంలో ఏ పేరుందో ఒకసారి చూసుకోండి.

ఇక మీ బోర్డు. అక్కడ ఆశ మీ రెండు భాషల్లో ఉంది, అసలు సంగతి మూడో భాషలో ఉంది. దాన్ని మీరంత స్పష్టంగా పట్టుకోగలిగారంటే, మూడు లిపులూ చదివే ఊళ్లో పెరగడం వల్లే. మీ జవాబుకు ఇదే ప్రాణం. దీనికి చట్టం అండ కూడా ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనలోని మాట ఏ భాషలో ఉంటే దాని షరతు కూడా ఆ భాషలోనే, అదే అక్షరశైలిలో ఉండాలి. ఈ ఒక్క వాక్యం మీ సొంత ఇంగ్లీషులో చెప్పగలిగితే 'ఎందుకు నచ్చలేదు' అన్న ప్రశ్నకు గట్టి జవాబు దొరికినట్టే.

స్పీకింగ్ రెండో భాగంలో అంశం రాసి ఉన్న కార్డు చేతికిచ్చాక ఒక నిమిషం సమయం, కాగితం, పెన్సిల్ ఇస్తారు. వాక్యాలు రాయకండి. బోర్డు, మూడు భాషలు, అక్క, కోపం. ఈ నాలుగు మాటలు చాలు. ఆ తర్వాత ఒకటి నుంచి రెండు నిమిషాలు మాట్లాడాలి. బోర్డు ఇప్పటికీ ఉంది కాబట్టి దాన్ని వర్తమానంలో వర్ణించండి. అక్క చేరిన సంగతి భూతకాలంలో వస్తుంది. 'ఆ షరతు తెలుగులో ఉండి ఉంటే అక్క చేరేది కాదు' అన్న మాటను ఇంగ్లీషులో తప్పు లేకుండా చెప్పడం మాత్రం ఇంట్లో పదిసార్లు సాధన చేయండి. వ్యాకరణంలో మీ స్థాయి అలాంటి వాక్యంలో తెలుస్తుంది. తెలుగు అలవాటుతో మనం 'లైకింగ్', 'హ్యావింగ్' అంటూ ఉంటాం. 'లైక్', 'హ్యావ్' అంటే సరిపోతుంది.

భారీ పదాల కోసం వెతక్కండి. గిడుగు రామమూర్తి పంతులు గారు మీ పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ గిరిజనులైన సవరల భాష నేర్చుకున్నారు. జనం నోట ఉన్న తెలుగే పుస్తకాల్లోకి రావాలని పోరాడారు. ఆ ఊరి అమ్మాయి ఎవరో రాసిచ్చిన అలంకారాలను వల్లిస్తే నాకు బాధగా ఉంటుంది.

స్పీకింగ్ మూడో భాగంలో ఇదే అంశంపై నాలుగైదు నిమిషాల చర్చ ఉంటుంది. ప్రకటనలపై ప్రభుత్వ అదుపు ఉండాలా అని అడగవచ్చు. కోచింగ్ ప్రకటనల మీద 2024 నవంబరులో వచ్చిన మార్గదర్శకాలను అప్పుడు ఉదాహరణగా చెప్పండి. ఎంపిక తప్పదని అబద్ధపు హామీ ఇవ్వకూడదు. విజేత ఫోటో వేయాలంటే ఫలితం వచ్చిన తర్వాత వారి నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. అక్క సంగతి మళ్లీ తీయకండి, అక్కడ వాళ్లు వినాలనుకునేది సమాజం గురించిన మాట.

పరీక్ష విశాఖలో రాసినా భువనేశ్వర్‌లో రాసినా, ముందు ఒక పని చేయండి. ఫోను ముందు పెట్టుకుని, బోర్డు గురించి రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసి, అక్కకు వినిపించండి. తనకు జరిగింది జరిగినట్టు ఉందో లేదో తను చెబుతుంది. అక్క దగ్గర ఫీజు రసీదు ఉంటే భద్రపరచండి, బోర్డు తీసేయకముందే షరతు కూడా కనిపించేలా దగ్గరి నుంచి ఫోటో తీయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. ఫోను అక్క చేతే చేయించండి, మీరు పక్కన కూర్చోండి.